టికెట్టు ఎవరి చేతిలో ఉంది?

1942 నాటి హాలీవుడ్ సినిమా 'కాసాబ్లాంకా' చూసినవాళ్లు ఎవరిని కదిపినా విమానాశ్రయం సీను గురించే చెబుతారు. పొగమంచు, తిరగడం మొదలెట్టిన ప్రొపెల్లర్లు, టోపీ ముందుకు లాక్కున్న హంఫ్రీ బోగార్ట్, కన్నీళ్లు ఆపుకుంటున్న ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. తను ప్రేమించిన మనిషిని ఆమె భర్తతో పాటు విమానం ఎక్కించి, తను వెనక ఉండిపోయే మగాడి త్యాగం. నాకూ ఆ సీనులో కళ్లు చెమర్చాయి, ఒక్కసారి కాదు. అయినా ఆ సినిమాతో నాకొక పేచీ ఉంది. అది ప్రేమకథ గురించి కాదు, టికెట్టు గురించి.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయింది. సగం దేశం జర్మన్ల కింద, మిగతా సగం వాళ్ల మాట జవదాటని విషీ ప్రభుత్వం కింద. హిట్లర్ నుంచి పారిపోయినవాళ్లంతా దక్షిణానికి పరుగెత్తారు. సినిమా మొదట్లోనే ఒక గొంతు ఆ దారి చెబుతుంది. పారిస్ నుంచి మార్సెయ్, మధ్యధరా దాటి ఒరాన్, అక్కణ్ణించి రైల్లోనో కార్లోనో కాలినడకనో ఆఫ్రికా అంచు పట్టుకుని ఫ్రెంచి మొరాకోలోని కాసాబ్లాంకా. డబ్బో పలుకుబడో అదృష్టమో ఉన్నవాళ్లు ఎగ్జిట్ వీసా సంపాదించి లిస్బన్ వెళ్తారు, లిస్బన్ నుంచి అమెరికా. మిగతావాళ్లు ఎదురుచూస్తారు. ఎదురుచూస్తూనే ఉంటారు. ఆ గొంతు ఆ మాటని ఊరికే వదలదు, మళ్లీ మళ్లీ అంటుంది.

ఇక్కడ రిక్ (బోగార్ట్) అనే అమెరికన్ ఒక నైట్‌క్లబ్బు నడుపుతుంటాడు. ఎవరూ కాదనలేని రెండు ప్రయాణపు పత్రాలు అతని చేతికొస్తాయి. (అలాంటి పత్రాలు చరిత్రలో లేవు. కథ కోసం పుట్టించినవి.) ఆ రెండూ కావలసిన జంటలో భర్త నాజీ వ్యతిరేక పోరాటంలో పేరున్న నాయకుడు, భార్య రిక్ పాత ప్రేయసి. ఇస్తాడా, ఇవ్వడా అన్నదే సినిమా.

నా పేచీ ఇక్కడే. ఊరు నిండా శరణార్థులు, నిర్ణయం మాత్రం ఒక్క అమెరికన్‌ది. వాళ్లు అడుగుతారు, బతిమాలతారు, ఒకరిద్దరు బెదిరిస్తారు కూడా. ఇతను ఆలోచిస్తాడు, తాగుతాడు, బాధపడతాడు, చివరికి ఇచ్చేస్తాడు. శరణు కోరేవాడి కథ శరణిచ్చేవాడి మనసు కథగా మారిపోతుంది. హాల్లో కూర్చున్న మనమూ ఇచ్చేవాడి పక్కనే కూర్చుని, మనమే ఏదో ఇచ్చినంత తృప్తిగా బయటికొస్తాం.

మరి అసలు కథలో అమెరికన్ చెయ్యి ఏం చేస్తోంది? ఫ్రాన్స్ 1940 జూన్ 22న జర్మనీతో ఒప్పందం మీద సంతకం పెట్టింది. సరిగ్గా నాలుగు రోజులకి, జూన్ 26న, అమెరికా విదేశాంగ శాఖలో బ్రెకిన్‌రిడ్జ్ లాంగ్ అనే పెద్ద అధికారి తోటి అధికారులకి ఒక నోటు పంపాడు. చట్టం మార్చక్కర్లేదు, కాన్సులేట్లకి ఒక సలహా ఇస్తే చాలన్నాడు. వీలైన ప్రతి అడ్డంకీ పెట్టండి, ఇంకా రుజువులు కావాలని అడగండి, వీసాల జారీని వాయిదా వెయ్యండి. ఆ వాయిదా అన్న మాటని మూడుసార్లు రాశాడు. సినిమాలో ఎదురుచూడటం గురించి మళ్లీ మళ్లీ చెప్పే ఆ గొంతుకి కారణం ఈ నోటులో దొరుకుతుంది. సినిమాలో మాత్రం అమెరికన్ కాన్సులేటు గుమ్మం కనిపించదు. వీసాలమ్ముకునే దుర్మార్గమంతా రెనో అనే ఫ్రెంచి పోలీసు అధికారి నెత్తిన పెట్టారు. డబ్బున్నవాళ్ల దగ్గర డబ్బు, లేని ఆడవాళ్ల దగ్గర వాళ్ల శరీరం. అమెరికా ఎప్పుడూ అవతలి ఒడ్డున వెలుగుతూ ఉంటుంది. అక్కడిదాకా చేరితే చాలు అన్నట్టు.

చేరడం ఎలాగో చూడండి. అమెరికా వీసాకి, నీ ఖర్చులు నేను భరిస్తానని అమెరికాలో ఒకరు ప్రమాణపత్రం రాసివ్వాలి. ఆ వీసా ఉంటేనే పోర్చుగల్ మీదుగా వెళ్లనిచ్చే ట్రాన్సిట్ వీసా. పోర్చుగల్‌ది ఉంటేనే స్పెయిన్‌ది. ఓడ టికెట్టు విడిగా. ఇవన్నీ ఉన్నా ఫ్రాన్సు దాటడానికి ఎగ్జిట్ వీసా కావాలి, అది అడిగితే నీ పేరు జర్మన్ల చెవిన పడొచ్చు. ప్రతి కాగితానికీ ఒక గడువు. నాలుగోది వచ్చేసరికి మొదటిదాని గడువు తీరిపోతుంది. తత్వవేత్త వాల్టర్ బెన్యమిన్ దగ్గర అమెరికా వీసా ఉంది, స్పెయిన్ ట్రాన్సిట్ ఉంది, ఫ్రెంచి ఎగ్జిట్ వీసా లేదు. 1940 సెప్టెంబరులో పిరనీస్ కొండలు నడిచి దాటి స్పెయిన్ సరిహద్దు ఊరు పోర్ట్‌బౌ చేరాడు. వెనక్కి పంపేస్తామన్నారు స్పెయిన్ పోలీసులు. ఆ రాత్రి మార్ఫిన్ మింగి చనిపోయాడు. అతనితో వచ్చినవాళ్లని తర్వాత వదిలేశారు.

చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ వీసా కోసం 11 ప్రదక్షిణలు, స్టాంపింగ్ అయ్యాక మొక్కుబడికి 108 చేసే మన జనానికి కాగితం మీద బతుకు వేలాడటం కొత్తగా చెప్పక్కర్లేదు. స్లాటు దొరకదు, దొరికితే ఇంకో పత్రం తెమ్మంటారు, తెచ్చేలోగా ఆఫర్ లెటర్ గడువు అయిపోతుంది. నిజమే, రెంటికీ పోలిక అంతకుమించి సాగదు. మనవాడు వీసా రాకపోతే ఇంటికెళ్లి అమ్మ చేతి అన్నం తింటాడు. వాళ్లకి ఇల్లే లేదు.

ఇంతదాకా తిట్టాను కాబట్టి ఇప్పుడు ఈ సినిమాని ఎందుకు వదులుకోలేనో చెప్పాలి. నాయికా నాయకుల వెనక కూర్చున్న జనం కోసం. టైటిల్స్‌లో పేరు పడ్డ 14 మంది నటుల్లో అమెరికాలో పుట్టినవాళ్లు ముగ్గురే: బోగార్ట్, పియానో వాయించే డూలీ విల్సన్, బల్గేరియా అమ్మాయిగా వేసిన జాయ్ పేజ్. మిగతావాళ్లలో చాలామంది, పేరు పడని చిన్న వేషగాళ్లు ఇంకా చాలామంది, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లు.

నాజీ మేజర్‌గా వేసిన కాన్రాడ్ వైట్ జర్మన్ సినిమాల్లో పెద్ద తార. భార్య యూదురాలు. 1933లో జాతి ఏమిటో రాయమని ఫారం ఇస్తే, తను కాకపోయినా 'యూదుడు' అని రాసి దేశం విడిచాడు. హాలీవుడ్ అతనికి నాజీ వేషమిచ్చింది. వచ్చిన డబ్బులోంచి బ్రిటన్ యుద్ధ సహాయానికి విరాళాలిస్తూ ఆ వేషం వేశాడు. వెయిటర్ కార్ల్‌గా వేసిన బొద్దుబుగ్గల సకాల్ హంగేరీ యూదుడు. అతని ముగ్గురు అక్కచెల్లెళ్లూ నాజీ శిబిరాల్లోనే పోయారు. అతను ఒక సీనులో, అమెరికా వెళ్లబోతున్న ముసలి జర్మన్ దంపతులకి మందు పోస్తాడు. వాళ్లు వచ్చీరాని ఇంగ్లీషులో టైమెంతైందని ఒకరినొకరు అడుగుతారు, తప్పులతడకగా, ఎంతో గర్వంగా. హాలంతా నవ్వుతుంది. ఆ దంపతులుగా వేసిన లుడ్విగ్ స్టోసెల్ ఆస్ట్రియా నుంచి, ఇల్కా గ్రూనింగ్ జర్మనీ నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. గ్రూనింగ్ బెర్లిన్లో నటన నేర్పే బడి నడిపిన మనిషి. ముసలితనంలో పరాయి భాషలో తడబడుతూ నవ్వించడం వాళ్లకి వేషం కాదు, ఉద్యోగం.

అందరికన్నా నన్ను పట్టి ఆపేది జూదం బల్ల దగ్గర చక్రం తిప్పే ఎమీల్. ఆ వేషం మార్సెల్ దాలియోది. ఫ్రాన్సులో అంతకు మూడేళ్ల ముందు దాకా పెద్ద దర్శకుల సినిమాల్లో ముఖ్యపాత్రలు వేసినవాడు. యూదుడి మొహం ఇలా ఉంటుంది, గుర్తుపట్టండి అంటూ నాజీలు అతని ఫొటోని పోస్టర్లకి ఎక్కించారు. 1940 జూన్‌లో భార్య మాడెలీన్ లబోతో పారిస్ వదిలి లిస్బన్ చేరి, చిలీ వీసాలతో ఓడెక్కాడు. మెక్సికో రేవులో ఆ వీసాలు దొంగవని తేలింది. ఎలాగో కెనడా తాత్కాలిక పాస్‌పోర్టులు సంపాదించి బయటపడ్డారు. తల్లిదండ్రులు ఫ్రాన్సులోనే ఉండిపోయారు, శిబిరాల పాలయ్యారు.

ఇప్పుడు సినిమాలో ఆ సీను చూడండి. వీసా కోసం పోలీసు అధికారి పక్కలోకి వెళ్లాలా వద్దా అని తల్లడిల్లే కొత్త పెళ్లికూతురు. ఆమె మొగుడు ఉన్న కాస్త డబ్బూ జూదంలో పోగొట్టుకుంటుంటాడు. రిక్ వచ్చి 22 మీద పెట్టమంటాడు, ఎమీల్ వైపు చూస్తాడు. బంతి 22లో పడుతుంది. మళ్లీ అక్కడే ఉంచమంటాడు. మళ్లీ 22. అందరూ రిక్ మంచితనానికి మురిసిపోతారు. చక్రం తిప్పి బంతిని అక్కడ పడేసిన చెయ్యి మాత్రం దొంగ వీసాతో మోసపోయిన మనిషిది. టైటిల్స్‌లో అతని పేరు లేదు.

లబో కూడా ఇదే సినిమాలో ఉంది. జర్మన్ అధికారుల పాటని ముంచేస్తూ క్లబ్బులో అందరూ ఫ్రెంచి జాతీయగీతం ఎత్తుకున్నప్పుడు, కన్నీళ్లతో గొంతెత్తే అమ్మాయి ఆమే. అప్పటికి వయసు 19. ఆ సీను తీస్తుండగా చుట్టూ చూస్తే సగం మంది ఏడుస్తున్నారని తోటి నటుడు డాన్ సీమూర్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. వాళ్లంతా నిజంగా ఇల్లు వదిలినవాళ్లని అతనికి అప్పుడే తెలిసింది. 1942 మార్చి నుంచే, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన జర్మన్ పౌరుల్ని కూడా శత్రుదేశస్థుల లెక్కలో వేసి, అమెరికా పశ్చిమ తీరంలో రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా గడప దాటొద్దన్నారు. పగలు స్టూడియోలో శరణార్థి వేషం, చీకటి పడితే ఇంట్లో బందీ. సినిమా కథ దాచిపెట్టినది ఈ మొహాల్లో దాగలేదు. ఆ మాత్రం నిజాయితీ దర్శకుడు కోరి తెచ్చాడో, చవగ్గా దొరికే నటులని తెచ్చాడో నాకనవసరం.

ఒక్క జాతి మాత్రం మొత్తానికే కనబడదు. మొరాకోలో కథ, మొరాకోవాళ్లు లేరు. బజారులో తలపాగాలుంటాయి, గుమ్మం దగ్గర అబ్దుల్ ఉంటాడు, ఆ వేషం వేసింది పైన చెప్పిన అమెరికన్ సీమూరే. నిజం మొరాకోలో విషీ ప్రభుత్వం అంతర్యుద్ధంలో ఓడి పారిపోయి వచ్చిన స్పెయిన్ రిపబ్లికన్లనీ యూదు శరణార్థులనీ బువార్ఫా లాంటి శిబిరాల్లో పెట్టి, సహారా రైలు మార్గం కోసం ఎండలో రాళ్లు కొట్టించింది. వాళ్లు రిక్ క్లబ్బుకి వచ్చే జాబితాలో లేరు.

ఈ సినిమా షూటింగు 1942 మే చివర మొదలై ఆగస్టు మొదట్లో ముగిసింది. ఆ నెలల్లోనే బర్మా నుంచి మన జనం నడిచి వస్తున్నారు. రంగూన్ రేవులో బస్తాలు మోసిన, బియ్యం మిల్లుల్లో పనిచేసిన కూలీల్లో తెలుగువాళ్లు లెక్కకు మిక్కిలి. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, మార్చి 8న ఊరు జపాన్ వశమైంది. ఓడలూ విమానాలూ డబ్బూ హోదా ఉన్నవాళ్లవి. మిగతా లక్షల మందికి అరకాన్ కొండలు, టాము మీదుగా మణిపూర్ దారి, వానాకాలపు బురదలో హుకాంగ్ లోయ. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారి పొడుగునా వేల మంది పడిపోయారు. తెల్లవాళ్లకొక దారీ నల్లవాళ్లకొక దారీనా అని గాంధీ 'హరిజన్'లో మండిపడ్డారు. ప్రాణం దక్కించుకుని ఇల్లు చేరుదామంటే ఇక్కడ ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదే బాంబులు పడ్డాయి. ఇందులో వీసా లేదు, క్లబ్బు లేదు, పియానో లేదు. అయినా ఇదీ అదే ప్రశ్న: ఎవరికి టికెట్టు, ఎవరికి అడవి, ఆ జాబితా రాసిందెవరు?

సినిమా మీద నా పేచీకి జవాబు నాకొక నవలలో దొరికింది. అన్నా సేగర్స్ రాసిన 'ట్రాన్సిట్'. ఆమె జర్మన్, యూదు, కమ్యూనిస్టు. ఏది సరిపోకపోయినా మిగతా రెండూ చాలు, 1933లో దేశం విడవడానికి. ఫ్రాన్సు పడిపోయాక భర్తని లె వెర్నే శిబిరంలో పెట్టారు. పిల్లల్ని వెంటేసుకుని మార్సెయ్‌లో కాన్సులేట్ల చుట్టూ తిరిగి, 1941 మార్చిలో ఒక సరుకు ఓడ ఎక్కింది. మానవశాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్త్రోస్, కవి ఆంద్రే బ్రెతో కూడా అందులోనే ఉన్నారు. సుమారు 350 మందికి కేబిన్లలో పడకలు ఏడే అని లెవీ-స్త్రోస్ తర్వాత రాశాడు. ఆమెకి చివరికి చోటిచ్చింది మెక్సికో. సొంతూరు మైంట్స్‌లో మిగిలిపోయిన తల్లిని మాత్రం 1942 మార్చిలో నాజీలు పోలండుకి తరలించారు. నవల 1944లో వెలువడింది, ముందు ఇంగ్లీషు, స్పానిష్ అనువాదాల్లో. రాసిన భాషలో పుస్తకంగా రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

నవల అల్లిక 'కాసాబ్లాంకా'కి కవల పిల్లలా ఉంటుంది. రేవు పట్నం, ఒక ఆడమనిషి, ఆమె భర్త, ఆమెని ప్రేమించిన ఇంకొకడు, ప్రయాణపు కాగితాలు. ఒకరి చూపు ఇంకొకరికి సోకిన దాఖలాలేవీ లేవు, కాలమే అలాంటిది. తేడా ఎక్కడంటే, ఇక్కడ కాగితాలు చేతికొచ్చినవాడూ పారిపోతున్నవాడే. పేరు చెప్పని కుర్రాడు. పారిస్‌లో వైడెల్ అనే రచయితకి ఉత్తరమివ్వడానికి వెళ్తే, జర్మన్లు రాగానే అతను హోటల్ గదిలో ఆత్మహత్య చేసుకున్నాడని తెలుస్తుంది. చచ్చిపోయినవాడి పెట్టె ఇతని చేతికొస్తుంది. మార్సెయ్‌లో మెక్సికో కాన్సులేటువాళ్లు ఇతన్నే వైడెల్ అనుకుంటారు. ఇతను కాదనడు. వైడెల్ భార్య (పేరు మరీ) మొగుడి కోసం ఊరంతా వెతుకుతుంటుంది. ఏ కాన్సులేటులో అడిగినా, ఇప్పుడే వచ్చి వెళ్లాడమ్మా అంటారు. వచ్చి వెళ్లింది ఇతనే. తను ప్రేమించిన మనిషికి భర్త బతికే ఉన్నాడన్న ఆశని, తన కాళ్లతో తిరిగి, తనే పెంచుతున్నాడు. కాగితాల వ్యవస్థ మీద ఇంత క్రూరమైన, ఇంత నవ్వొచ్చే అల్లిక నేను ఇంకెక్కడా చదవలేదు.

అందులో మార్సెయ్ రూలు చూడండి: ఊళ్లో ఉండనివ్వాలంటే ఊరు విడిచిపోతానని రుజువు చూపాలి. కారకాస్‌లో ఉద్యోగం దొరికిన ఒక ముసలి సంగీత నిర్వాహకుడు ఒక కాగితం వచ్చేసరికి ఇంకోటి చెల్లకుండా పోతూ, మళ్లీ మొదటికొస్తూ, చివరికి కాన్సులేటులోనే కుప్పకూలి చనిపోతాడు. ఒకావిడ తను తిన్నా తినకపోయినా రెండు పెద్ద కుక్కల్ని మేపుతుంటుంది. అమెరికాలో ఉన్న వాటి యజమానులే ఆమెకి ప్రమాణపత్రం ఇచ్చారు మరి. వీళ్లు ఎవరి దయకీ ఎదురుచూసే దీనులు కారు. అబద్ధాలాడతారు, విసుక్కుంటారు, పిజ్జా తింటారు, ఒకరి వీసా చూసి ఒకరు ఏడుస్తారు. ఈ కుర్రాడికైతే వాళ్ల వీసా గోల వింటేనే చిరాకు. చివరికి అన్నీ చేతికొచ్చాక, టికెట్టు వాపసు చేసి ఉండిపోతాడు. రిక్ చేసిందీ అదే కదా అంటారేమో. రిక్ ఇచ్చేసింది తనకి అక్కర్లేని టికెట్టు. ఇతను వదులుకున్నది ప్రాణం కాపాడే టికెట్టు, అదీ ఎవరి చప్పట్లూ లేకుండా. పైగా ఆ త్యాగం ఎవరినీ కాపాడదు. ఆమె ఎక్కిన ఓడ మునిగిపోయిందట అన్న పుకారుతోనే నవల మొదలవుతుంది.

జర్మన్ నవలాకారుడు రెమార్క్ 1962లో రాసిన 'లిస్బన్‌లో ఒక రాత్రి' ఇంకో మెలిక పెట్టింది. రెండు ఓడ టికెట్లున్నవాడు ఒక అపరిచితుడికి వాటిని ఊరికే ఇచ్చేస్తానంటాడు, రాత్రంతా కూర్చుని తన కథ వింటే చాలు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఇద్దరూ శరణార్థులే. మధ్యలో సాగదీత ఉన్నా, ఆ బేరం కోసమైనా చదవాలి.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు. అది యుద్ధకాలపు సినిమా, మాకెందుకులే అని కూర్చునే అమెరికన్‌ని కదిలించడానికి తీసింది, అతనికొక అమెరికన్ హీరో కావాలి కదా అని. ఒప్పుకుంటాను, కదిలించింది కూడా. కానీ అదే లెక్క ఆ తర్వాతి యుద్ధాల సినిమాలకీ అతుక్కుపోయింది. శరణార్థి కథ చెప్పాలంటే ముందొక మంచి విలేకరినో మంచి డాక్టరునో మంచి సైనికుణ్ణో వెతుకుతారు. పారిపోతున్నవాడికి కథని మొయ్యగల భుజాలు లేవని ఎవరు తేల్చారు? కాన్సులేట్ల వరసలో నిలబడుతున్న రోజుల్ని దాటిన వెంటనే, తల్లి ఏమైందో తెలియని స్థితిలో, సేగర్స్ మోసి చూపించింది.

జర్మన్ దర్శకుడు క్రిస్టియాన్ పెట్సోల్ట్ 2018లో 'ట్రాన్సిట్'ని సినిమాగా తీశాడు. కథ 1940లదే, మార్సెయ్ మాత్రం ఈనాటిది. ఇప్పటి కార్లు, ఇప్పటి పోలీసు యూనిఫారాలు. మొదట చిరాకేసింది నాకు, ఇదేం గారడీ అని. అరగంటకల్లా అలవాటైపోయింది, అలా అలవాటవడమే భయం వేసింది. అందులో హీరోకి ఒక పిల్లాడు దోస్తు అవుతాడు. ఆ పిల్లాడూ, మూగ చెవిటి తల్లీ ఉత్తరాఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. 'కాసాబ్లాంకా'లో కనబడని జనం ఈ కథలోకి ఇన్నాళ్లకి ఇలా వచ్చారు. ఒకరోజు హీరో వాళ్లింటికెళ్తే వాళ్లుండరు, కొండలు దాటడానికి వెళ్లిపోయారు. ఆ గదిలో అప్పుడే వేరేవాళ్లు సర్దుకుని ఉంటారు. ఇతన్ని చూసి, ఏ కాగితం అడగడానికొచ్చాడో అన్నట్టు బెదిరిపోతారు.